పాత ఎంపీ3ల ట్యాగులు: ఎవరు ఎలా సర్దుకున్నారు?

పాటలపెట్టె
పాత హార్డ్‌డిస్కుల్లోని పాటలన్నీ ఒకచోట చేర్చాను. వేలల్లో ఉన్నాయి, ట్యాగులు (ఫైల్ లోపల రాసి ఉండే పాట పేరు, ఆల్బమ్ లాంటి వివరాలు) మాత్రం ఘోరం. టైటిల్‌లో డౌన్‌లోడ్ సైటు పేరు, ఆల్బమ్‌లో మళ్లీ అదే సైటు పేరు, జానర్ చూస్తే "అదర్". ఒకే సినిమా పాటలు ప్లేయర్‌లో ముక్కలు ముక్కలుగా వేరే వేరే ఆల్బమ్‌లలో కనిపిస్తున్నాయి. తెలుగులో ఉన్న పేర్లు కొన్ని చదవడానికే రావట్లేదు. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? ఆటోమేటిక్‌గా అయ్యే దారేమైనా ఉందా? ట్యాగ్ మారిస్తే సౌండ్ క్వాలిటీ తగ్గుతుందా? కవర్ బొమ్మలు ఎంత సైజులో పెట్టాలి?

బిట్‌రేట్ బాబాయ్
ఎంపీ3ట్యాగ్. ఇంకో మాట లేదు. లైనక్స్ అయితే కిడ్3, లేదా పడిల్‌ట్యాగ్.

ఫైల్ పేర్లు బాగుంటే వాటిలోంచే ట్యాగులు నింపేస్తుంది. ట్యాగులు బాగుంటే వాటితో ఫైల్ పేర్లు మార్చేస్తుంది. సైటు పేరు పీకేయడానికి ఒక రీప్లేస్ యాక్షన్ రాసి దాచుకో, ఫోల్డర్ మొత్తం సెలెక్ట్ చేసి నొక్కు, పని అయిపోతుంది. విన్‌యాంప్ రోజుల నుంచీ ఈ పనిలో ఉన్నవాణ్ణి. నా లైబ్రరీలో "ట్రాక్ 01" అనే పాట ఒక్కటి చూపిస్తే ఈ ఐడీ వదిలేసి వెళ్లిపోతా.

చిన్నక్క
ఆల్బమ్ ముక్కలవడానికి కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే, ఆల్బమ్ ఆర్టిస్ట్ ఖాళీగా ఉండటం. ఒక్కో పాటకి ఒక్కో గాయకుడు ఉంటే ప్లేయర్ వాటిని వేరు వేరు ఆల్బమ్‌లు అనుకుంటుంది. ఆ ఫీల్డ్‌లో అన్ని పాటలకీ ఒకే పేరు పెట్టండి, అన్నీ ఒకచోటికి వచ్చేస్తాయి. నిజానికి ఐడీ3 (ఎంపీ3లో ట్యాగులు రాసే పద్ధతి) రాసినవాళ్లు ఇలాంటి ఫీల్డ్ పెట్టనే లేదు. టీపీఈ2 అనే ఫ్రేమ్‌ని (ట్యాగ్‌లో ఒక్కో వివరానికి ఉండే గడి) బ్యాండు, ఆర్కెస్ట్రా పేర్ల కోసం ఉంచారు. ప్లేయర్లన్నీ కలిసి దాన్ని ఆల్బమ్ ఆర్టిస్ట్ చేసేశాయి.

నా పద్ధతి చెప్తాను: ఆర్టిస్ట్‌లో సంగీత దర్శకుడి పేరు, గాయకుల పేర్లు కామెంట్‌లో. సినిమా పాటలకి ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

స్వరం
ఏంటీ? గాయకులు కామెంట్‌లోనా?

అక్కా, పాడినవాళ్లని కామెంట్‌లో పడేసి, పాడనివాళ్లని ఆర్టిస్ట్ అంటారా? సంగీత దర్శకుడి కోసమే టీకామ్ అనే ఫ్రేమ్ ఉంది, కంపోజర్ అంటే అదే. రాసినవాళ్లకి విడిగా లిరిసిస్ట్ ఉంది. ఎవరి చోటు వాళ్లకి పెట్టి ఉంచితే మీరు అందర్నీ ఒకే సీట్లో కూర్చోబెడుతున్నారు.

చిన్నక్క
ఫ్రేమ్ ఉందని నాకూ తెలుసు. దాన్ని చూపించే ప్లేయర్ ఏది? నా కారులో ఆర్టిస్ట్, ఆల్బమ్, జానర్, ఫోల్డర్ మాత్రమే వస్తాయి. నేను పాటలు వెతుక్కునేది సంగీత దర్శకుడి పేరుతో. నేను వినే తీరుకి నా ట్యాగులు ఉండాలి గానీ ఎవరో రాసిన కాగితానికి కాదు.

స్వరం
అయితే ఆ గాయని పాడినవన్నీ వినాలనిపిస్తే ఏం చేస్తారు? కామెంట్లు చదువుకుంటూ కూర్చుంటారా?

చిన్నక్క
నాకు అనిపించదు.

హెక్స్‌చూపు
మీరిద్దరూ ఏ ఫీల్డ్‌లో ఏం పెట్టాలని కొట్టుకుంటున్నారు. అసలు గొడవ వెర్షన్‌ది. మ్యూటాజెన్ అనే పైథాన్ లైబ్రరీతో నా సొంత స్క్రిప్ట్ రాసుకుని వాడుతున్నాను, ట్యాగ్‌ని బైట్ల లెక్కన చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, వినండి.

ఐడీ3 మొదటి రకం 1996 నాటిది. ఫైల్ చివర సరిగ్గా 128 బైట్లు. మొదట TAG అనే గుర్తుకి 3, టైటిల్‌కి 30, ఆర్టిస్ట్‌కి 30, ఆల్బమ్‌కి 30, ఏడాదికి 4, కామెంట్‌కి 30, జానర్‌కి ఒక్కటంటే ఒక్క బైటు. ట్రాక్ నంబరుకి మొదట చోటే లేదు, తర్వాత కామెంట్ చివర్లో రెండు బైట్లు కోసి ఇరికించారు. ఫైల్ ముందు భాగంలో ఉండే రెండో రకం 1998లో వచ్చింది. అందులో ఇప్పుడు జనం వాడేవి 2.3, 2.4. తెలుగు పేర్లు 2.3లో యూటీఎఫ్-16 (అక్షరాల్ని బైట్లుగా రాసే ఒక పద్ధతి) గానే పెట్టాలి. 2.4లో యూటీఎఫ్-8 కూడా పెట్టొచ్చు, కానీ పాత ప్లేయర్లు చాలావాటికి 2.4 అర్థం కాదు. అందుకే 2.3, యూటీఎఫ్-16. కళ్లు మూసుకుని ఇదే పెట్టుకోండి.

ఇక "చదవడానికి రావట్లేదు" అన్నారు చూడండి, అందులో మూడు వేరు వేరు జబ్బులున్నాయి.

డబ్బాలు కనిపిస్తే ట్యాగ్ బాగానే ఉంది, ఆ పరికరంలో తెలుగు ఫాంట్ లేదు. ట్యాగ్‌ని ముట్టుకోకండి.

నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ఏ, పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, ఇదే వరసగా వస్తుంటే అది యూటీఎఫ్-8 తెలుగు, ప్లేయర్ దాన్ని లాటిన్ అనుకుని చదువుతోంది. తెలుగులో ప్రతి అక్షరమూ, ప్రతి గుణింతం గుర్తూ యూటీఎఫ్-8లో 3 బైట్లు, మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింటిలో ఏదో ఒకటి, అందుకే ఆ వరస. దీన్ని వెనక్కి తిప్పొచ్చు, ఒక్క అక్షరం పోదు.

వరసగా ప్రశ్నార్థకాలు ఉంటే మాత్రం ఆశ వదులుకోండి. ఏదో సాఫ్ట్‌వేర్ సేవ్ చేసేటప్పుడే అక్షరాల్ని పారేసి గుర్తులు పెట్టింది. అక్కడ తిరిగి తేవడానికి ఏమీ మిగల్లేదు, చేత్తో టైప్ చేయాల్సిందే.

పాటలపెట్టె
కారులో డబ్బాలు, ఫోన్లో శుభ్రంగా తెలుగు. అంటే ఫాంట్ సమస్యే అన్నమాట. అయితే టైటిల్స్ అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చేయనా?

ఫ్లాక్‌మనిషి
2026లో కూడా ఎంపీ3 ట్యాగుల గురించి కొట్టుకోవడం చూస్తుంటే నవ్వొస్తోంది. ఫ్లాక్‌కి (సౌండ్ ఏమాత్రం పోకుండా కుదించే ఫార్మాట్) వచ్చేయండి. దాని ట్యాగులైన వోర్బిస్ కామెంట్లు మొదటి నుంచీ యూటీఎఫ్-8, వెర్షన్ల గోల లేదు, ఫీల్డ్ పేరు మీ ఇష్టం. ఆర్టిస్ట్ అనే ఫీల్డ్‌ని ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు రాయొచ్చు, ఒక్కో గాయకుడికి ఒక్కో లైను. ఆడియో చెడిపోయిందేమో చూసుకోవడానికి లోపలే ఎండీ5 అనే సరిచూపు సంఖ్య ఉంటుంది.

బిట్‌రేట్ బాబాయ్
ఆయన దగ్గర ఉన్నవి ఎంపీ3లు. ఫ్లాక్‌కి మారిస్తే ఏం వస్తుంది? పోయిన సౌండ్ తిరిగి రాదు, ఫైల్ సైజు మాత్రం పెరుగుతుంది. ప్రతి థ్రెడ్‌లోనూ దూరి ఇదే పాట.

ఫ్లాక్‌మనిషి
మార్చమని ఎవరన్నారు? సీడీలు ఉంటే వాటిలోంచి మళ్లీ రిప్ చేసుకోమంటున్నా (కంప్యూటర్‌లోకి తీసుకోమని). చదివి జవాబివ్వడం నేర్చుకో బాబాయ్.

బిట్‌రేట్ బాబాయ్
సీడీలు ఉన్నాయని ఆయన ఎక్కడ రాశాడో చూపించు. నువ్వు చదివావా?

రాత్రిపాట
ఆటోమేటిక్ గురించి అడిగారు కదా, దాని మీద ఎవరూ మాట్లాడట్లేదు. మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ చూడండి. పేరు లేకపోయినా పాట సౌండ్ నుంచే వేలిముద్ర తీసి అకౌస్ట్‌ఐడీ అనే డేటాబేస్‌లో వెతుకుతుంది. అద్భుతంగానే ఉంటుంది కానీ ఒక మెలిక తెలిసి దిగండి. వేలిముద్ర చెప్పేది ఇది ఏ రికార్డింగ్ అన్న సంగతే. అదే రికార్డింగ్ అసలు ఆల్బమ్‌లోనూ, తర్వాత వచ్చిన ఎన్నో ఆణిముత్యాల కలెక్షన్లలోనూ ఉంటుంది. స్కాన్ నొక్కి వదిలేస్తే ఒక ఆల్బమ్ పాటలు తలా ఒక కలెక్షన్లోకి పోవచ్చు. అందుకని ముందు క్లస్టర్ చేసి (ఒకే ఆల్బమ్ ఫైళ్లని ఒక గుంపుగా చేర్చి), ఆల్బమ్ మొత్తాన్నీ కలిపి లుకప్ ఇవ్వండి. లేదా సరైన రిలీజ్‌ని మీరే వెతికి పెట్టి, పాటల్ని దాని మీదికి లాగండి. ఇంకోటి, మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో వివరాలు ఎక్కించేది మనలాంటి వాడుకదారులే. ఎవరూ ఎక్కించని ఆల్బమ్ దొరకదు, దొరకలేదని తిట్టేకంటే మీరే ఎక్కించొచ్చు.

సేవ్ చేసేముందు కాపీ ఒకటి పక్కన పెట్టుకోవడం మర్చిపోకండి.

మూగవీణ
కాపీ అన్నారు కాబట్టి నా ఏడుపు కూడా వినండి. నా పాటల ఫోల్డర్ క్లౌడ్ బ్యాకప్‌లో ఉంది. ఒక ఆదివారం కూర్చుని అన్నిటికీ జానర్ మార్చాను. జానర్ ఒక్కటే! ఆ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పాటలన్నీ మారిపోయాయని మొత్తం లైబ్రరీని మొదట్నుంచీ ఎక్కించడం మొదలుపెట్టింది. నెలవారీ డేటా అక్కడే హరీ. పైగా ప్లేయర్‌లో "కొత్తగా చేర్చినవి" తెరిస్తే పదేళ్లనాటి పాటలన్నీ నిన్న వచ్చినట్టు!

హెక్స్‌చూపు
బైటు మారితే ఫైల్ మారినట్టే కదా, బ్యాకప్ దాని పని అది చేసింది. ట్యాగ్ ఫైల్ మొదట్లో ఉంటుంది. వెనక ప్యాడింగ్ అని ఖాళీ చోటు ఉంచితే చిన్న మార్పులు అందులోనే సర్దుకుంటాయి. కవర్ బొమ్మలాంటిది పెట్టి ఆ చోటు దాటితే ఫైల్ మొత్తం తిరగరాయాలి. మారిన ముక్కలే పంపే బ్యాకప్ అయితే మొదటి రకం మార్పుకి నష్టం తక్కువ. "కొత్తగా చేర్చినవి" బాధకి మందు వేరే ఉంది, ఎంపీ3ట్యాగ్ ఆప్షన్లలో ఫైల్ మార్పు తేదీని అలాగే ఉంచమని ఒక టిక్ ఉంటుంది.

మూగవీణ
ఆ టిక్ పెడితే కొన్ని బ్యాకప్‌లు తేదీ మారలేదని అసలు ఎక్కించనే ఎక్కించవు. అప్పుడేం చేస్తారు సార్?

హెక్స్‌చూపు
తేదీ, సైజు చూసి నిర్ణయించే బ్యాకప్‌ని వాడటం మానేస్తాను.

స్వరం
అక్కకి ఇంకోమాట చెప్పాలి. గాయకులు ఇద్దరుంటే "ఫలానా, ఫలానా" అని కామాతో రాస్తే ప్లేయర్‌కి అది ఒకే మనిషి పేరు. యుగళగీతాలన్నీ కొత్త కొత్త ఆర్టిస్టుల కింద చేరి లిస్టు చాంతాడంత అవుతుంది. అందుకే సంగీత దర్శకుడి పేరు పెట్టి చేతులు దులుపుకుంటున్నారని నా అనుమానం.

చిన్నక్క
అనుమానం నిజమే, తప్పేముంది? నా లిస్టు పొట్టిగా ఉంటుంది. మీరు ఎలా విడదీస్తున్నారో చెప్పండి, వింటాను.

స్వరం
2.3లో మధ్యన ఏటవాలు గీత.

హెక్స్‌చూపు
ఆ గీత వల్లే కదా ఏసీ/డీసీ బ్యాండ్ కొన్ని ప్లేయర్లలో రెండు ముక్కలైంది! 2.4లో ఆ గీత తీసేసి సున్నా బైటుతో విడదీయమన్నారు. ఈ ఒక్క విషయంలో 2.4 మేలు.

ఫ్లాక్‌మనిషి
ఇందాక కళ్లు మూసుకుని 2.3 అన్నది ఎవరు?

హెక్స్‌చూపు
పాత ప్లేయర్ ఉన్నవాళ్లకి అన్నాను. ఒక్క లైను పట్టుకుని లాగకు.

ఫ్లాక్‌మనిషి
నీ వాక్యంలో పాత ప్లేయర్ సంగతి ఉంది, కళ్లు మూసుకోమన్నది మాత్రం అందరికీ. స్క్రిప్ట్ రాసినంత మాత్రాన అందరూ శిష్యులు కారు బ్రో.

కాపలాదారు
ఇద్దరూ ఆపండి. పాటల ట్యాగుల గురించి మాత్రమే మాట్లాడండి. తర్వాతి తిట్టు తీసేస్తాను.

గుండ్రాయి
కవర్ బొమ్మల సంగతి నేను చెప్తా. కారు తెరకి 500 నుంచి 600 పిక్సెళ్ల చదరం చాలు, జేపెగ్ పెట్టండి. కొందరు 3000 పిక్సెళ్లది తెచ్చి పన్నెండు పాటల్లోనూ అతికిస్తారు, ఒకే బొమ్మ పన్నెండుసార్లు! బొమ్మ ఉంది, ఫోన్లో వస్తోంది, కారులో రావట్లేదంటే అది ప్రోగ్రెసివ్ జేపెగ్ (మసకగా మొదలై మెల్లగా స్పష్టమయ్యేలా సేవ్ చేసిన రకం) అయి ఉండొచ్చు. చాలా కారు ప్లేయర్లు దాన్ని చూపించవు. ఏదైనా ఇమేజ్ ఎడిటర్‌లో తెరిచి, ప్రోగ్రెసివ్ టిక్ తీసేసి మళ్లీ సేవ్ చేయండి. సమస్య అదే అయితే అక్కడితో తీరిపోతుంది.

కారులో పాటల వరస తప్పితే ట్యాగ్‌ని అనుమానించకండి. కొన్ని కారు ప్లేయర్లు ట్రాక్ నంబర్ చూడనే చూడవు, పెన్‌డ్రైవ్‌లోకి ఏ వరసలో కాపీ అయితే ఆ వరసలో వాయిస్తాయి. ఆ వరసని సరిచేయడానికి ఫ్యాట్‌సార్ట్ అనే ప్రోగ్రామ్ ఉంది.

పాటలపెట్టె
నేను ఫైల్ పేర్ల ముందు నంబర్లు పెట్టాను. 1 తర్వాత 10, 11 వచ్చి ఆ తర్వాత 2 వస్తోంది.

బిట్‌రేట్ బాబాయ్
01, 02 అని పెట్టు నాయనా. ఎంపీ3ట్యాగ్‌లో ట్రాక్ నంబరింగ్ విజార్డ్ ఉంది, ముందు సున్నా పెట్టమని టిక్ ఇవ్వు. క్వాలిటీ గురించి అడిగావు, అది కూడా చెప్పేస్తా: ట్యాగ్ మార్చితే సౌండ్‌కి ఏమీ కాదు. ఆడియో ఫ్రేముల్ని ఎవరూ ముట్టుకోరు.

రాత్రిపాట
తెలుగు పేర్లని ఇంగ్లిష్‌లోకి మార్చాలా అన్నదానికి ఎవరూ చెప్పలేదు. మార్చకండి. ఎంపీ3లు అలాగే ఉంచి, కారుకి వెళ్లే పెన్‌డ్రైవ్ కాపీలో మాత్రమే మార్చుకోండి. తెలుగు టైటిల్ అలాగే ఉంచి సార్ట్ ఫీల్డ్‌లో (వరస పేర్చడానికి మాత్రమే వాడే గడిలో) ఇంగ్లిష్ అక్షరాలు పెడితే వరసకి పనికొస్తుంది, కానీ కారు తెర మీద కనిపించేది టైటిలే.

సగంచంద్రుడు
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నేను పాటలకి చుక్కలు ఇచ్చుకుంటాను, 3 చుక్కలు, 4 చుక్కలు అలా. ప్లేయర్ మార్చాక 4 ఇచ్చినవి కొన్ని 3 అయ్యాయి, కొన్నిటికి చుక్కలే లేవు. అవి ట్యాగ్‌లో ఉంటాయా, ప్లేయర్‌లో ఉంటాయా?

చిన్నక్క
అవి ఎక్కడున్నా పోతాయి. నేను జానర్‌లో "ఇష్టం" అని రాసుకుంటాను.

స్వరం
జానర్‌లో! అక్కా, మీకు దండం.

హెక్స్‌చూపు
కొన్ని ప్లేయర్లు తమ డేటాబేస్‌లోనే దాచుకుంటాయి. ప్లేయర్ మారితే అవి ఫైల్‌తో పాటు రావు, చుక్కలు లేనివి అవే అయి ఉండొచ్చు. ట్యాగ్‌లో రాసేవి పాప్ఎమ్ అనే ఫ్రేమ్‌లో రాస్తాయి. అందులో చుక్కలు ఉండవు, 0 నుంచి 255 వరకు ఒక అంకె ఉంటుంది, పక్కనే ఆ అంకెని రాసిన ప్రోగ్రామ్‌ని గుర్తుపట్టే ఈమెయిల్ ఉంటుంది. విండోస్ మీడియా ప్లేయర్ వరసగా 1, 64, 128, 196, 255 రాస్తుంది. ఇంకో ప్లేయర్ ఆ అంకెల్ని తన లెక్కలో కోసుకుంటుంది, అందుకే 4 కాస్తా 3 అవుతుంది. పైగా ఒకే ఫైల్‌లో వేరు వేరు ఈమెయిళ్లతో రెండు మూడు పాప్ఎమ్‌లు ఉండొచ్చు. పాత ప్లేయర్‌లో ఒక పాటకి 4 ఇచ్చి, మ్యూటాజెన్‌తో తెరిచి ఏ అంకె పడిందో చూడండి. కొత్త ప్లేయర్‌లో 4 ఇచ్చి మళ్లీ చూడండి. ఆ రెండు అంకెలూ ఇక్కడ పెడితే మార్చే స్క్రిప్ట్ నేనే రాసిస్తాను.