మూడేళ్ల జిమ్ తర్వాత కండ ఆగిపోయింది, నా లిమిట్ ఇంతేనా?

సందేహం:
అన్నలూ నాకు 27, హైట్ 175 సెంటీమీటర్లు, వెయిట్ 74. మూడేళ్లుగా మానకుండా జిమ్‌కి వెళ్తున్నా, మొదటి ఏడాది చొక్కాలన్నీ బిగుతైపోయాయి గానీ ఈ ఏడాది ఏం లేదు, పైగా మొన్న జిమ్‌లో బాడీ కాంపోజిషన్ మెషీన్ ఎక్కితే ఫ్యాట్ 18 శాతం నుంచి 20 అయింది, కండ కేజీన్నర తగ్గింది అని చూపించింది. ట్రైనర్ ఏమో నేచురల్‌గా నీకింతే, ఒక స్టెరాయిడ్ కోర్స్ వేసుకో అంటున్నాడు. నిజమేనా?

జవాబు:
తమ్ముడూ ఆ మెషీన్ ఎప్పుడెక్కావు? అది కండని చూడదు, ఒంట్లోకి చిన్న కరెంట్ పంపి నీళ్లెంతున్నాయో అంచనా కట్టి మిగతాది లెక్కేస్తుంది.

అడిగినతను:
పోయిన నెల పరగడుపున, ఈసారి లెగ్ డే రోజు కాళ్ల ఎక్సర్‌సైజులన్నీ అయ్యాక 😅

జవాబు:
మరదే, చెమటలో నీళ్లు పోయాయి. మంచినీళ్లు తాగితే తిరిగొచ్చే కండ అది.

ఇంకొకరు:
లిమిట్ సంగతి నేను చెప్తా. కొవ్వు తీసేసిన బరువుని, మీటర్లలో ఎత్తు ఇంటూ ఎత్తుతో భాగించు, దాన్ని ఎఫ్ఎఫ్ఎంఐ అంటారు. నీకు 74లో 18 శాతం పోతే 60.7, దాన్ని 3.06తో భాగిస్తే 19.8. 1995లో 157 మంది మగ అథ్లెట్ల లెక్కలు తీస్తే స్టెరాయిడ్లు వాడనివాళ్లు 25 దగ్గర ఆగారు, వాడినవాళ్లలో చాలామంది దాటిపోయారు. అదేం గోడ కాదులే, ఒకరిద్దరు దాటొచ్చు, మనలో చాలామందికి అంతవరకూ రాదు కూడా, అయినా 19.8కే లిమిట్ అంటే అమీర్‌పేటలో బస్సెక్కి ఎల్బీనగర్ రాగానే విజయవాడ వచ్చేసిందా అని అడిగినట్టుంది. మొదటి ఏడాది స్పీడ్ మాత్రం మళ్లీ రాదు, అది ఎవరికైనా అంతే.
తిండి చూసుకో. కేజీకి 1.6 గ్రాముల ప్రోటీన్ లెక్కన నీకు రోజుకి 118 గ్రాములు కావాలి, గుడ్డుకి ఆరు గ్రాములే వస్తుంది, పప్పుచారులో ఉండేది చారే.

మొదటి అన్న:
కోర్స్ జోలికి అస్సలు పోకు, బయట్నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే ఒంట్లో తయారయ్యేది ఆగిపోతుంది, వీర్యకణాలు పడిపోతాయి. మా జిమ్‌లో అయితే సలహా ఇచ్చేవాడే సీసా కూడా అమ్ముతాడు, మరి మీ దగ్గరెలాగో.
మెషీన్ వదిలేసి నెలకోసారి పరగడుపున టేపుతో చెయ్యి, నడుము కొలువు, ఏ బరువు ఎన్నిసార్లు లేపావో నోట్‌బుక్‌లో రాయి, కానిస్టేబుల్ సెలక్షన్లో పెట్టే 1600 మీటర్ల పరుగు ఒకసారి పరిగెత్తి టైం చూసుకో. చేతి దండలు చూస్తే 15 అంగుళాలు, రెండో ఫ్లోర్‌కి మెట్లెక్కితే ఆయాసం, అలాంటోళ్లు మా ఆఫీసులోనే ముగ్గురున్నారు. నడుము మనవాళ్లలో మగాళ్లకి 90 సెంటీమీటర్లు దాటితే షుగర్, గుండె జబ్బుల రిస్క్ మొదలైనట్టే.

అడిగినతను:
అమ్మ కుట్టుమిషన్ సొరుగులో టేపు దొరికింది అన్నా. చెయ్యి 36, నడుము 84.

మొదటి అన్న:
పొట్ట లోపలికి పీల్చి కొలిచావా?

అడిగినతను:
88 అన్నా.