ఏడు అయిపోతోంది, ఎనిమిదికి ఎక్కడ వెయ్యాలి?

పాకాల_అమ్మ

అందరికీ నమస్కారం. మాది పాకాల దగ్గర పల్లె, టౌనుకి ఐదు కిలోమీటర్లు. మావాడు ఊళ్ళోని యూపీ (అప్పర్ ప్రైమరీ) స్కూల్లో ఏడు చదువుతున్నాడు. ఆ బడి ఏడుతో సరి, జూన్‌లో ఎనిమిదికి బయటికి పంపాల్సిందే.

వాళ్ళ నాన్న తిరుపతిలో ఒక షాపులో పని చేస్తారు. ఇప్పుడే ఫౌండేషన్ (ఐఐటీకి ముందునుంచే ఇచ్చే కోచింగ్) ఉన్న స్కూల్లో, హాస్టల్లో వెయ్యకపోతే పిల్లోడు వెనకబడతాడని అక్కడెవరో ఎక్కించారు. నాకేమో పాకాల జడ్పీ హైస్కూలు చాలనిపిస్తుంది. సంక్రాంతి నుంచీ ఇంట్లో ఇదే రభస. వాణ్ణి అడిగితే "మీ ఇష్టం" అంటాడు, కానీ ఈమధ్య రాత్రిపూట సరిగా నిద్రపోవడం లేదు. మార్కులు పర్వాలేదు, లెక్కలు అంతంతే. ఈ దారిలో ముందు నడిచినవాళ్ళు చెప్పండి.

కొర్లగుంట_నాన్న

అక్కా, మీ ఇంటాయన చెప్పిన మాటే నేను మూడేళ్ళ కింద చెప్పాను. మావాణ్ణి ఎనిమిదిలో హాస్టల్లో వేశాను. పొద్దున ఐదింటికి లేపి స్టడీ, రాత్రి తొమ్మిదిన్నర దాకా స్టడీ. వారం వారం ర్యాంకుల లిస్టు గోడకి అంటిస్తారు. వాడు ఏడులో క్లాసు ఫస్టు, అక్కడ నూటికి పైన ఎక్కడో. ఫోన్లో మాత్రం "బాగున్నా నాయనా" అనేవాడు. దసరా సెలవులకి వచ్చి, తిరిగి పంపే రోజు పెట్టె కనపడలేదు. ఎత్తుకెళ్ళి మిద్దెమీద నీళ్ళ ట్యాంకు వెనక దాచాడు! మేము నవ్వాము, వాడు నవ్వలేదు.

తిరిగి పంపలేదు. ఏడాది ఫీజు మొత్తం కడితేనే టీసీ ఇస్తామన్నారు, దానికోసం ఆరుసార్లు తిరిగాను. ఇప్పుడు పది, ఇంటి దగ్గరి బడిలోనే. ఐఐటీ సంగతి తెలీదు, అన్నం తింటున్నాడు.

ఎంఆర్‌పల్లి_వాసి

అందరికీ అట్లే అవుతుందని చెప్పకండన్నా. మా పాప ఆరు నుంచి ఫౌండేషన్‌లోనే ఉంది, డే స్కాలర్. లెక్కలంటే ప్రాణం, తనే అడిగి చేరింది. హాస్టలు వేరు, ఇంటి నుంచి పోయి రావడం వేరు. రెండూ కలిపి తిట్టొద్దు. ఫీజు గురించి మాత్రం నన్ను అడగొద్దు, బీపీ పెరుగుతుంది.

రిటైర్డ్_లెక్కల_సారు

అమ్మా, ముప్పై ఏళ్ళు జడ్పీ హైస్కూళ్ళలో ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పినవాణ్ణి. ఏ బడి అన్నది మీ ఇంటి తీర్పు, నేను చెప్పను. ఎక్కడికి పోయినా పిల్లవాడికి ఎదురయ్యేవి మాత్రం చెప్తాను.

యూపీ స్కూల్లో ముగ్గురో నలుగురో టీచర్లు, అందరికీ వీడు ఫలానా వాళ్ళ కొడుకని తెలుసు. హైస్కూల్లో బెల్లు కొడితే సారు మారతాడు. ఏడులో ఒకటే పుస్తకంగా ఉన్న సైన్సు ఎనిమిదిలో భౌతిక శాస్త్రం, జీవశాస్త్రం అని రెండవుతుంది. పుస్తకాలు రెండు, సార్లు ఇద్దరు, హోంవర్కులు రెండు. జూన్, జూలైల్లో పిల్లలు తడబడేది పాఠం దగ్గర కాదు. ఏ రోజు ఏ నోట్సు తేవాలో తెలియక తడబడతారు. నా క్లాసులో చెయ్యి వాచినవాళ్ళు చాలావరకు లెక్కలు రానివాళ్ళు కాదు, పుస్తకం మరిచినవాళ్ళు. (అప్పట్లో కొట్టేవాళ్ళం. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.) కాబట్టి టైంటేబులు రాసి గోడకి అంటించండి, రాత్రే సంచి సర్దుకోనివ్వండి. మీరు సర్దొద్దు.

లెక్కలు అంతంతే అన్నారు. ఎనిమిదిలో మొదటి పాఠమే అకరణీయ సంఖ్యలు. భిన్నాల కూడిక, మైనస్ గుర్తు, ఈ రెండూ గట్టిగా లేకపోతే అక్కడే కాలు జారుతుంది, ఆపైన బీజగణితమంతా బురదే. ఎండాకాలం ఎనిమిదో తరగతి పుస్తకం తెప్పించి ముందే చదివించే పని పెట్టుకోకండి. ఆరు, ఏడు పుస్తకాల్లో భిన్నాలు, పూర్ణసంఖ్యలు మళ్ళీ చేయించండి. రోజుకి ఇరవై నిమిషాలు, మామిడికాయల సీజనులో అంతకంటే కూర్చోరు కూడా.

ఇంగ్లీషు మీడియం అని భయముంటే, ప్రభుత్వ పుస్తకాల్లో ఎడమ పేజీ ఇంగ్లీషు, కుడి పేజీ తెలుగు ఉంటుంది. ముందు తెలుగు చదివి, తర్వాత పక్క పేజీకి రమ్మనండి. మంచి అలవాటు.

ఇక అసలు సంగతి, ఎన్ఎంఎంఎస్. ఎనిమిది చదువుతుండగా రాసే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12,000 రూపాయలు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. పరీక్షకు అర్హత కావాలంటే ఏడో తరగతిలో 55 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 50. అంటే ఇప్పుడు మీవాడు రాసే ఏడో తరగతి మార్కులు ఉత్తవి కావు. ఇంకొకటి, ఇది ప్రభుత్వ, జడ్పీ, మున్సిపల్, ఎయిడెడ్ బడుల పిల్లలకే. తొమ్మిదిలో ప్రైవేటుకి మార్చేస్తే డబ్బు ఆగిపోతుంది. మా బడిలో ఒక పిల్ల సెలెక్టు అయ్యాక మామయ్య మాట విని మార్చారు. ఏడాది తర్వాత ఆ తల్లి వచ్చి నా దగ్గర ఏడ్చింది, నేనేం చెయ్యగలను?

పాకాల_అమ్మ

సార్, ఈ స్కాలర్‌షిప్ మాట మాకు ఎవరూ చెప్పలేదు. పరీక్ష ఎట్లా ఉంటుంది?

రిటైర్డ్_లెక్కల_సారు

రెండు భాగాలమ్మా, ఒక్కోటి 90 మార్కులు, తొంభై నిమిషాలు. ఒకటి బుద్ధికి పదును పెట్టే ప్రశ్నలు, వరసలు, బొమ్మలు, కోడింగ్ లాంటివి. రెండోది ఏడు, ఎనిమిది తరగతుల సైన్సు, సోషల్, లెక్కలు. మొదటిది బడిలో పాఠంగా చెప్పరు, పాత పేపర్లు చేయించాల్సిందే. నోటిఫికేషన్ వచ్చేది బడి తెరిచాక. హెడ్‌మాస్టర్‌ని మీరే అడగండి, చాలా బడుల్లో గడువు దాటాకే గుర్తొస్తుంది.

చిత్తూరు_బోర్డర్

మాది గుడిపాల వైపు. మా అందరికీ వేలూరు చిత్తూరంత దగ్గర. పెద్దపాపని ఎనిమిది దాకా చిత్తూరులో చదివించి, తొమ్మిది, పది వేలూరులో మా చెల్లెలింట్లో పెట్టాం. మళ్ళీ ఇంటర్‌కి చిత్తూరు. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కి పోతే నాన్‌లోకల్ అన్నారు! పుట్టింది ఇక్కడ, రేషన్ కార్డు ఇక్కడ, ఓటు ఇక్కడ. అయినా అంతే. ఇంటర్‌తో కలిపి చివరి నాలుగేళ్ళు వరసగా ఇక్కడే చదవాలంట, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళకి, మా పాప మిగతా 15 శాతంలో పోటీ పడాల్సొచ్చింది. తమిళనాడు, కర్ణాటక వైపు బడి చూసేవాళ్ళు ఇది తెలుసుకొని మరీ దాటండి. ప్రతి ఏడూ స్టడీ సర్టిఫికెట్ తీసి ఫైల్లో పెట్టుకోండి, తర్వాత ఒకేసారి అంటే తిప్పుతారు.

రిటైర్డ్_లెక్కల_సారు

ఈయన చెప్పింది చాలా ముఖ్యం. దాంతోపాటు, యూపీ స్కూలు నుంచి కాగితాలు తీసుకునేటప్పుడు అడ్మిషన్ రిజిస్టర్‌లో పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం పోల్చి చూడండి. మన సరిహద్దు మండలాల్లో తమిళం వాళ్ళలాగా తండ్రి పేరు మొదటి అక్షరం ఇనీషియల్‌గా రాసుకునే ఇళ్ళున్నాయి, ఆధార్‌లో ఇంటిపేరు ఉంటుంది. పదో తరగతి మెమో వచ్చాక ఆ తప్పు దిద్దుకోవడం నరకం. ఎనిమిదిలో చేరేలోపే చూసుకోవాలి.

గ్రీమ్స్‌పేట_అక్క

మగపిల్లోడి సంగతి కాబట్టి ఎవరూ ఎత్తలేదు. ఆడపిల్లల తల్లులూ ఇది చదువుతుంటారు కదా, అందుకే రాస్తున్నా. నేను బడి ఎంచుకునే ముందు హెడ్‌మాస్టర్ రూముకి పోలేదు, ముందు బాత్రూములకి పోయాను. తలుపుకి గడియ ఉందా, నీళ్ళు వస్తున్నాయా, ప్యాడు పారేయడానికి డబ్బా ఉందా. ఒక బడిలో (పేరు వద్దు) రిజల్ట్స్ బ్యానరు గేటు పొడవునా ఉంది, లోపల గడియ లేదు. మా పాప అప్పటికి పెద్దమనిషై నాలుగు నెలలు. నీళ్ళు తాగడం మానేసి సాయంత్రం దాకా బిగపట్టుకుని కూర్చునే పిల్లలు ఎంతమందో, మనకి చెప్పరు. అందుకే ఆ బడి వద్దనుకున్నాం.

ఎస్వీయూ_హాస్టల్

నేను నారాయణవనం దగ్గర పల్లె నుంచి పుత్తూరు హైస్కూలుకి పోయినవాణ్ణి. ఇప్పుడు ఎమ్మెస్సీ. మీరందరూ పెద్దవాళ్ళ వైపు నుంచి చెప్తున్నారు, నేను పిల్లోడి వైపు నుంచి చెప్తా. నాకు మొదటి నెల పాఠాల టెన్షన్ లేదు. మధ్యాహ్నం అన్నం ఎవరి పక్కన కూర్చొని తినాలి అనేదే టెన్షన్. మా ఊరి నుంచి నేనొక్కణ్ణే. టౌను పిల్లలు మాట్లాడే తీరే వేరు, నేను "ఆడ", "ఈడ" అంటే నవ్వేవాళ్ళు. రెండు వారాలు చెట్టు కింద ఒంటరిగా తిన్నాను, ఇంట్లో చెప్పలేదు. తర్వాత కబడ్డీలో తీసుకున్నారు, అంతే, కష్టం తీరింది.

అక్కా, మీ ఊరి పిలకాయల్లో ఇంకెవరైనా అదే బడికి పోతున్నారేమో చూడండి. జత ఉంటే సగం బరువు తగ్గుతుంది. "మీ ఇష్టం" అనే పిల్లోణ్ణి "ఎక్కడికి పోతావు" అని అడగొద్దు. "దేనికి భయంగా ఉంది" అని అడగండి. అదీ ఎదురుగా కూర్చోబెట్టి కాదు, బండిమీద పోతున్నప్పుడు.

భాకరాపేట_రైతు

సైనిక్ స్కూలు గురించి ఎవరూ చెప్పలేదే? కలికిరిలో ఉంది కదా, 2014లో పెట్టారు. తొమ్మిదిలో కూడా తీసుకుంటారు. ఎనిమిది చదువుతుండగా పరీక్ష రాయాలి, చేరే ఏడాది మార్చి 31కి 13 నిండి 15 లోపు ఉండాలి. తొమ్మిదికి పేపరు ఇంగ్లీషులోనే ఉంటుంది, సీట్లూ తక్కువ. మా అన్న కొడుక్కి రాలేదు, కానీ ఆ చదువు వల్ల ఎనిమిదిలో లెక్కలు బాగుపడ్డాయి. నవోదయకీ తొమ్మిదిలో ఖాళీలుంటే పరీక్ష పెడతారు, మనకి మదనపల్లె దగ్గర వలసపల్లెలో ఉంది. మీ ఆయనకి ఈ మాట చెప్పండి. ఎనిమిది పాకాలలోనే చదివి, తొమ్మిదికి తలుపు తెరిచే ఉంటుంది. ఇద్దరి మాటా నెగ్గినట్టు.

పాకాల_అమ్మ

అందరికీ చాలా థ్యాంక్స్. ఆలస్యంగా వస్తున్నా, ఏమీ అనుకోవద్దు.

ఎస్వీయూ తమ్ముడు చెప్పినట్టే, సంతకి పోతూ బండిమీద అడిగాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా ఊరి రైల్వే గేటు దాటాక అన్నాడు, "హాస్టల్లో రాత్రిపూట లైటు ఆపేస్తారా మా?" అని. వాడికి చీకటంటే భయం, ఇప్పటికీ నా పక్కనే పడుకుంటాడు. అది బయటికి చెప్పలేక నిద్రపోవడం మానేశాడు. వాళ్ళ నాన్నకి ఆ రాత్రే ఫోన్లో చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత "సరే, ఎనిమిది పాకాలలో కానీ, తొమ్మిదికి చూద్దాం" అన్నారు. కలికిరి మాట కూడా చెప్పాను, అది ఆయనకి నచ్చింది.

శనివారం ముగ్గురం హైస్కూలుకి పోయి చూసి వచ్చాం. బాత్రూములు చూశాను అక్కా, మగపిల్లలవి ఫర్వాలేదు, ఆడపిల్లల వైపు ఒక తలుపు సరిగా పడటం లేదు, హెడ్‌మాస్టరమ్మకి చెప్పి వచ్చాను. మావాడు గ్రౌండు చూసి మొదటిసారి నోరు తెరిచాడు, వాలీబాల్ నెట్ ఉంది. రిజిస్టర్‌లో పుట్టినతేదీ సరిపోయింది, ఇంటిపేరులో ఒక అక్షరం తేడా ఉంది, యూపీ స్కూలు సారు దిద్దిస్తానన్నారు.

ఒక్కటే మిగిలింది. బస్సుకి పాసు ఉచితమే అనుకున్నా.

కొర్లగుంట_నాన్న

మగపిల్లలకి పన్నెండేళ్ళ దాకే అక్కా. ఆడపిల్లలకైతే పదో తరగతి దాకా ఉచిత పాసు. మీవాడికి రాయితీ పాసు డబ్బు కట్టి తీసుకోవాలి.

పాకాల_అమ్మ

వాడికి నవంబర్‌తో పన్నెండు నిండాయి అన్నా! అందుకే సైకిల్ అనుకుంటున్నాం. మా పక్కింటి పిలకాయ కూడా అదే బడికి, ఇద్దరూ కలిసి పోతారు. పాకాల, దామలచెరువు పక్కల ఎవరి దగ్గరైనా పాత సైకిల్ ఉంటే చెప్పండి, 22 ఇంచులది. బ్రేకులు బాగుండాలి, మా ఊరి దగ్గర దిగుడు ఉంది.