22 నానోమీటర్ల పాలీస్టైరీన్ ఫిల్మ్: టీజీ (గాజులా గట్టిగా ఉన్న పాలిమర్ మెత్తబడే ఉష్ణోగ్రత) వేడి చేస్తే 78, చల్లారిస్తే 92 డిగ్రీలు. ఏది నమ్మాలి?

ప్రశ్న:
టోలుయిన్ ద్రావణంతో సిలికాన్ వేఫర్ మీద స్పిన్ కోట్ చేసిన (గిరగిరా తిప్పి పల్చగా పరిచిన) ఫిల్మ్ ఇది. హాట్ స్టేజీ (వేడి చేసే పీఠం) ఉన్న ఎలిప్సోమీటర్‌లో (కాంతి పరావర్తనంతో మందం కొలిచే పరికరంలో) నిమిషానికి 2 డిగ్రీల చొప్పున 40 నుంచి 120 సెల్సియస్ దాకా వేడి చేస్తే మందం గ్రాఫు 78 దగ్గర వంగుతోంది. చల్లారుస్తూ కొలిస్తే 92. అదే స్టేజీ మీద 200 నానోమీటర్ల ఫిల్మ్ చల్లారేటప్పుడు 104 ఇచ్చింది.

జవాబు:
78ని వదిలేయండి. మొదటి వేడిలో టీజీ ఒక్కటే కనిపించదు. మిగిలిపోయిన టోలుయిన్ పోవడం, స్పిన్నింగ్‌లో బిగిసిన గొలుసులు సడలడం కూడా అందులో కలుస్తాయి. వాక్యూమ్‌లో 120–130 దగ్గర కొన్ని గంటలు ఉంచి, ఆ పైన చల్లారుస్తూనే కొలవండి.

పాలీస్టైరీన్ బల్క్ టీజీ (మందపాటి ముద్దలో ఉండేది) సుమారు 100. ఫిల్మ్ పల్చబడే కొద్దీ టీజీ తగ్గుతుంది, కానీ 200 నానోమీటర్ల దగ్గర ఆ తగ్గుదల అర డిగ్రీ కూడా ఉండదు. అంటే 104 అనేది చాలావరకు స్టేజీ తప్పే: సెన్సర్ చూపేంత వేడి ఫిల్మ్‌కి అందడం లేదు. ఇండియం లోహపు ముక్క పెట్టి సరిచూడండి, 156.6 దగ్గర కరగాలి. రెండు ఫిల్ముల తేడా (104 − 92) తీసుకుంటే ఎలాగూ ఆ తప్పు పోతుంది: 12 డిగ్రీలు. మందాన్ని బట్టి టీజీ ఎంత తగ్గుతుందో చెప్పే కెడ్డీ, జోన్స్, కోరీల 1994 సూత్రం (3.2 నానోమీటర్లు, ఘాతం 1.8) 22కి సుమారు 11.6 ఇస్తుంది. మీ 92 బాగానే ఉంది.

అడిగినవారు:
ధన్యవాదాలండీ. కానీ వంపుకి పైనా కిందా సరళరేఖలు గీసే పరిధి 5 డిగ్రీలు జరిపితే 92 కాస్తా 88 అవుతోంది.

ఇంకొకరి జవాబు:
అవుతుంది మరి! ఈ మందంలో టీజీకి పైన డిగ్రీకి దాదాపు 0.013 నానోమీటర్లు, కింద 0.003 మాత్రమే మారుతుంది. 120 నుంచి మొదలుపెడితే పై రేఖకి పాతిక డిగ్రీలే మిగులుతాయి. 140 నుంచి 30 దాకా వెళ్లండి. కంటితో రేఖలు గీయకుండా, రెండు వాలుల్నీ నునుపుగా కలిపే లాగ్-కాష్ సమీకరణాన్ని మొత్తం డేటాకి ఫిట్ చేయండి. ఇంత పల్చటి ఫిల్మ్‌లో మందాన్నీ వక్రీభవన గుణకాన్నీ రెండింటినీ ఫిట్‌లో స్వేచ్ఛగా మారనిస్తే ఒకదాని తప్పు ఇంకోటి మోస్తుంది. సిలికాన్ కాంతి స్థిరాంకాలు కూడా ఉష్ణోగ్రతతో మారేవే వాడాలి, లేకపోతే దాని మార్పు మీ మందంలోకి చొరబడుతుంది.

140లో ఎక్కువసేపు ఉంచకండి, ఫిల్మ్ చిల్లులు పడి విడిపోతుంది. అణుభారం తక్కువైతే మరీ త్వరగా. రన్ అయ్యాక 30 దగ్గర మందం మొదటి విలువకి రాకపోతే మైక్రోస్కోపులో చూసి ఆ డేటా పారేయండి.

మరొకరు:
పీఎంఎంఏకి (ప్లెక్సీగ్లాస్ ప్లాస్టిక్‌కి) మారితే ఇదే తగ్గుదల ఆశించకండి. వేఫర్ మీద ఉండే సిలికాన్ ఆక్సైడ్‌కి అది గట్టిగా అంటుకుంటుంది, టీజీ కాస్త పెరుగుతుంది కూడా.