తొలి కార్ల ఇంజిన్లకు చిక్కు తెచ్చింది కలపడమా, కొలవడమా?

వాయుగొట్టం (చర్చ ప్రారంభం):

1893లో జర్మన్ ఇంజనీరు విల్‌హెల్మ్ మేబాఖ్ తుంపర కార్బొరేటర్‌ను (పెట్రోలును గాలిలోకి చిమ్మి ఇంజిన్‌కు మిశ్రమం అందించే పరికరాన్ని) రూపొందించాకే పెట్రోలు, గాలి చక్కగా కలవడం మొదలైందని, కారు అక్కడి నుంచి పరుగందుకుందని సాధారణంగా చెబుతారు. కారు పరుగందుకున్న మాట నిజమే గాని, చక్కగా కలవడం అన్న మాట తలకిందులుగా ఉందని నా వాదన. కలపడంలో మేబాఖ్ పరికరం తనకు ముందున్నదాని కంటే నాసి. అది గెలిచింది కొలవడంలో.

ముందున్నది ఏమిటో చూద్దాం. కార్ల్ బెంజ్ 1886 జనవరిలో పేటెంటుకు దరఖాస్తు చేసిన మూడు చక్రాల బండిలో ఇంధనం నిలవ ఉండే పాత్రే కార్బొరేటర్. అందులో నాలుగున్నర లీటర్ల లిగ్రాయిన్ పట్టేది. మందుల దుకాణాల్లో మరకలు తుడవడానికి అమ్మే పలుచని పెట్రోలియం ద్రవం అది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు సుమారు 106 కిలోమీటర్లు ప్రయాణిస్తూ దారిలో వీస్లోఖ్ ఊళ్లోని మందుల దుకాణంలో కొన్నది దాన్నే. పిస్టన్ పీల్చుకునే గాలి ఆ ద్రవం మీదుగా సాగి, పైకి లేచిన ఆవిరిని తనతో తీసుకుపోయేది. ఆవిరీ వాయువే, గాలీ వాయువే కనుక ఆ కలయికకు వంక పెట్టలేం. మేబాఖ్ కార్బొరేటర్ ముక్కు నుంచి వచ్చేవి మాత్రం బొట్లు. వాటిలో కొన్ని దారిలో ఆవిరవుతాయి, కొన్ని గొట్టం గోడకు అంటుకుంటాయి, కొన్ని బొట్లుగానే సిలిండర్‌లోకి చేరతాయి.

అంత చక్కగా కలిపే పద్ధతి ఎందుకు పోయిందంటే, ఎంత ఇంధనం వెళుతోందో దానికి తెలియదు కాబట్టి. పెట్రోలు ఒకే పదార్థం కాదు. అత్తరు సీసాకు మూత తీసి పెడితే వాసన ముందు ఎగిరిపోయి అడుగున జిడ్డు మిగిలినట్టు, తేలికపాటి భాగాలు ముందే ఆవిరైపోయి బరువైనవి పాత్రలో మిగిలేవి. బయలుదేరినప్పుడు మిశ్రమం చిక్కగా, అంటే పెట్రోలు పాలు ఎక్కువగా ఉండి, పోనుపోను పలచబడేది. ఎండ పెరిగినా, రోడ్డు కుదుపుకు ద్రవం తొణికినా లెక్క మారేది. లీటరు పెట్రోలు పూర్తిగా కాలాలంటే సుమారు 9 వేల లీటర్ల గాలి కావాలి. బరువులో అయితే ఒక పాలు పెట్రోలుకు పదిహేను పాళ్ల గాలి. ఆ నిష్పత్తిని నడిపేవారు గాలి కుళాయిని తిప్పుతూ, ఇంజిన్ చప్పుడు వింటూ నిలబెట్టుకోవలసి వచ్చేది. మేబాఖ్ చేసిందల్లా ఫ్లోట్ (పెట్రోలు మీద తేలే బుడ్డి) ఉన్న చిన్న గదిలో పెట్రోలు మట్టాన్ని స్థిరంగా ఉంచి, గాలి వేగమే పెట్రోలును లాగేలా ఏర్పాటు చేయడం. ఇంధనం ఎంత వెళ్లాలో నిర్ణయించే పని వాతావరణం చేతిలోంచి గాలి ప్రవాహం చేతిలోకి వచ్చింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

ఆటోనగర్ మేస్త్రి:

వాయుగొట్టం గారికి నమస్కారం. నేను విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లుగా బండ్లు బాగుచేస్తున్నాను. చరిత్ర మీ అంత చదవలేదు గాని, మీరు చెప్పిన పద్ధతే నేటి వరకూ నా బల్ల మీదకు వస్తోంది కనుక మీతో ఏకీభవించలేకపోతున్నాను.

ధనుర్మాసంలో తెల్లవారుజామున స్టార్టు కాని నూరు సీసీ బండి ఒకటి తీసుకోండి. జెట్టు (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం) శుభ్రంగా ఉంది, ఫ్లోట్ మట్టం సరిగ్గా ఉంది, మిశ్రమాన్ని సర్దే స్క్రూ కూడా కదల్లేదు. అంటే మీరు చెప్పిన కొలత పక్కాగా ఉన్నట్టే. అయినా పది కిక్కులు కొట్టినా అందుకోదు. రెండు నట్లు విప్పి కార్బొరేటర్‌ను పక్కకు జరిపి, ఇంజిన్‌లోకి వెళ్లే గొట్టం వంపులో వేలు పెట్టి చూస్తే కింది వైపు తడి తగులుతుంది. కొలిచి పంపిన పెట్రోలు అక్కడే ఒక చారలా పడి ఉంటుంది. గాలి మాత్రం లోపలికి వెళ్లిపోయింది.

అప్పుడు మనం ఏం చేస్తాం? చోక్ లాగుతాం. చోక్ అంటే కొలతను కావాలని చెడగొట్టడమే. నిండుగా పెట్రోలు పోస్తే అందులో ఆవిరయ్యే కొద్ది భాగమైనా మంటకు సరిపోతుందనే ఆశతో మిగతాది వృథా చేస్తున్నాం. కొలవడంతోనే పని జరిగిపోయేదైతే కార్బొరేటర్‌కు చోక్ అనే భాగమే అవసరమయ్యేది కాదు. ఇంజిన్ వేడెక్కాక అదే జెట్టు, అదే స్క్రూతో బండి హాయిగా నడుస్తుంది. కొలత మారలేదు, పెట్రోలు ఆవిరి కావడం మారింది. కనుక కలపడమే పెద్ద చిక్కని నా అనుభవం చెబుతోంది.

పాత పేటెంట్లు:

వాదనలోకి దిగే ముందు ఒక సవరణ. తుంపర కార్బొరేటర్‌ను మేబాఖ్ ఒక్కరి పేరున రాయడం న్యాయం కాదు. బుడాపెస్ట్‌లో దొనాత్ బాంకి, యానోష్ చొంకా ఇదే సూత్రం మీద 1893 ఫిబ్రవరిలోనే పేటెంటుకు దరఖాస్తు చేశారు. మేబాఖ్ చేసింది అదే ఏడాది ఆగస్టులో. పూలమ్మే అమ్మాయి గొట్టంతో నోటితో ఊదుతూ పూల మీద నీళ్లు చల్లడం చూసి వారికి ఆలోచన వచ్చిందని హంగరీలో కథగా చెప్పుకుంటారు. అంతకు ముందే, 1880లలో, ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ బట్లర్ తన మూడు చక్రాల బండికి ఫ్లోట్‌తో కూడిన తుంపర పరికరం పెట్టారు. వియన్నాలో సీగ్‌ఫ్రీడ్ మార్కుస్ తిరిగే బ్రష్‌తో పెట్రోలును చిమ్మించారు. ఆయన బండి ఇప్పటికీ వియన్నా సాంకేతిక మ్యూజియంలో ఉంది. ఇంతమంది ఒకే కాలంలో ఆవిరిని వదిలి తుంపర వైపు వచ్చారంటే ఏదో బలమైన కారణం ఉండి ఉంటుంది. అది వాయుగొట్టం గారు చెప్పిన కారణమేనని నేనూ అనుకుంటున్నాను.

వాయుగొట్టం:

పాత పేటెంట్లు గారి సవరణ న్యాయమైనది, అంగీకరిస్తున్నాను. మేస్త్రి గారి చోక్ ఉదాహరణ నన్ను నిజంగా ఆలోచింపజేసింది. చల్లని ఇంజిన్ విషయంలో ఆయన మాటకు నా దగ్గర జవాబు లేదు. అయితే నా ప్రశ్న ఇంజిన్ స్టార్టు కావడం గురించి మాత్రమే కాదు, వేడెక్కిన ఇంజిన్ రోడ్డు మీద నడవడం గురించి.

తొలి డైమ్లర్ ఇంజిన్లు దాదాపు ఒకే వేగంతో తిరిగేవి. 1885 నాటి ఇంజిన్ నిమిషానికి 600 చుట్లు తిరిగేది. వేగం హద్దు దాటితే గవర్నర్ అనే వేగ నియంత్రణ పరికరం ఎగ్జాస్ట్ వాల్వును (కాలిన వాయువు బయటకు పోయే ద్వారాన్ని) తెరుచుకోనివ్వకుండా ఆపేది, దాంతో సిలిండర్ ఆ విడత కొత్త మిశ్రమాన్ని పీల్చుకోలేకపోయేది. అలాంటి ఇంజిన్‌కు ఒకే ఒక్క జెట్టు సరిపోతుంది, ఎందుకంటే గాలి ప్రవాహం ఎప్పుడూ ఒకే తీరున ఉంటుంది. 1901లో మేబాఖ్ రూపొందించిన 35 హార్స్‌పవర్ మెర్సిడెస్‌లో నడిపేవారు ఇంజిన్ వేగాన్ని 300 నుంచి 1000 చుట్ల వరకూ తమ ఇష్టప్రకారం మార్చగలిగారు. మామూలు జెట్టు లోపం సరిగ్గా ఇలాంటి చోటే బయటపడుతుంది. పీల్పు తక్కువగా ఉన్నప్పుడు అందులో కొంత భాగం పెట్రోలును ఫ్లోట్ మట్టం నుంచి ముక్కు చివరి దాకా ఎత్తడానికే ఖర్చవుతుంది కనుక పెట్రోలు చాలినంత రాదు. పీల్పు పెరిగితే గాలి వ్యాకోచించి పలచబడుతుంది, పెట్రోలు పలచబడదు. అందువల్ల నెమ్మదిగా ఉన్నప్పుడు సరిచేసిన మిశ్రమం వేగంలో చిక్కబడిపోతుంది. వేగంలో సరిచేస్తే నెమ్మదిలో ఇంజిన్ ఆగిపోతుంది. బొట్లను ఎంత సన్నగా చేసినా ఈ జబ్బు నయం కాదు.

దీనికి వచ్చిన మందులన్నీ కొలతకు సంబంధించినవే. 1902లో పనార్ లెవసోర్ సంస్థలో ఆర్థర్ క్రెబ్స్, పీల్పు పెరిగేకొద్దీ తనంతట తాను తెరుచుకుని అదనపు గాలిని వదిలే ఏర్పాటు చేశారు. 1906లో లియోన్‌లో ఫ్రాన్స్వా బావెరే ఆలోచన నాకు ఇంకా ఇష్టం, ఎందుకంటే అందులో కదిలే భాగమే లేదు. ప్రధాన జెట్టు పక్కన ఆయన మరో జెట్టు పెట్టారు. దానికి పెట్రోలు బయటి గాలికి తెరిచి ఉన్న చిన్న బావి నుంచి వస్తుంది. ఆ బావిలోకి పెట్రోలు తన బరువుతోనే కారుతుంది గనుక ఇంజిన్ ఎంత పీల్చినా ఆ ధార పెరగదు. వేగం పెరిగేకొద్దీ మొదటి జెట్టు మిశ్రమాన్ని చిక్కబరుస్తుంది, రెండోది అంతే లెక్కన పలచబరుస్తుంది, రెండూ కలిసి నిష్పత్తిని నిలబెడతాయి. ఒక తప్పును దానికి సరిగ్గా ఎదురైన మరో తప్పుతో కొట్టేయడం ఇది. జెనిత్ కార్బొరేటర్ పుట్టింది ఈ ఆలోచన నుంచే. బావెరే కలపడాన్ని కొంచెమైనా మెరుగుపరచలేదు, అయినా ఆ కార్బొరేటర్ దశాబ్దాల పాటు నిలిచింది.

ఇంజిన్ల పాఠం:

నేను మెకానికల్ విద్యార్థులకు ఇంజిన్ల గురించి బోధిస్తాను. వాయుగొట్టం గారి వివరణలోని భౌతికశాస్త్రం సరైనదే. కాని ఆయన చరిత్ర ఒక చోట మరీ నున్నగా ఉంది.

ఆవిరి పద్ధతి కొలత రాక వెంటనే పోయిందనుకుంటే, 1890ల చివరలో ఫ్రెంచి సంస్థ దీ దియోన్ బూతాన్ చేసిన మోటారు ట్రైసికిళ్లను ఎలా అర్థం చేసుకోవాలి? వాటికి ఉన్నది ఉపరితల కార్బొరేటరే (ద్రవం మీదుగా గాలిని పంపే పాత రకమే), అయినా వాటి చిన్న ఇంజిన్ నిమిషానికి 1500 చుట్లు దాటి తిరిగేది. ఆ వేగం విద్యుత్ ఇగ్నిషన్ వల్ల వచ్చింది. ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ పెట్రోలులో మునిగిన వత్తుల మీదుగా గాలిని పంపే కార్బొరేటర్‌ను ఇరవయ్యో శతాబ్దంలోకి వచ్చాక కూడా చాలా ఏళ్లు తన కార్లకు వాడారు. దీపం వత్తి నూనెను పీల్చినట్టే ఆ వత్తులు పెట్రోలును పైకి లాగేవి. ఆయన అల్లాటప్పా ఇంజనీరు కాదు. ఇంజిన్ నునుపుగా నడవడం ఆయనకు ముఖ్యం, ఆ నునుపు ఆవిరిలో దొరికింది. 1903లో రైట్ సోదరుల విమానం ఇంజిన్‌లో సైతం తుంపర లేదు. వేడెక్కిన లోహం మీద పెట్రోలు పారి ఆవిరయ్యేది.

మెర్సిడెస్ విషయంలో మీరు చెప్పకుండా వదిలిన సంగతి ఒకటుంది. ఆ ఇంజిన్‌కు నాలుగు సిలిండర్లు, రెండు కార్బొరేటర్లు. ఒక్కో జంటకు ఒక్కొక్కటి. ఒకే కార్బొరేటర్ నుంచి నాలుగు సిలిండర్లకు పొడవైన గొట్టం వేస్తే గాలి అన్నింటికీ సమంగా చేరవచ్చు గాని బొట్లు చేరవు. బరువైన బొట్టు వంపు దగ్గర గాలితో పాటు తిరగలేక ఎదురుగా ఉన్న గోడకు కొట్టుకుంటుంది. అప్పుడు ఒక సిలిండర్ చిక్కగా, మరొకటి పలచగా కాలుతుంది. కార్బొరేటర్ దగ్గర కొలత నూటికి నూరుపాళ్లు సరిగ్గా ఉన్నా, సిలిండర్ దగ్గర తప్పిపోతుంది. సరిగ్గా కలవనిదాన్ని సమంగా పంచలేం. 1910లలో పెట్రోలుకు గిరాకీ పెరిగి బరువైన భాగాలు అందులో ఎక్కువయ్యాక తయారీదారులు మానిఫోల్డ్‌కు (మిశ్రమాన్ని సిలిండర్లకు పంచే గొట్టానికి) వేడి నీటితో, ఎగ్జాస్ట్‌తో కాక పెట్టడం మొదలుపెట్టారు. మేస్త్రి గారు వేలితో తాకి చూసిన తడి అదే.

నేను విద్యార్థులకు చూపే ఉదాహరణ ఇంకొకటి ఉంది. చెప్పుల వ్యాపార కుటుంబానికి చెందిన జార్జ్ హెర్బర్ట్ స్కిన్నర్ 1905 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో చేసిన ఎస్‌యూ కార్బొరేటర్‌లో తోలు తిత్తి ఒకటి ఉండేది. ఇంజిన్ ఎక్కువ పీల్చితే ఆ తిత్తి కదిలి గాలి దారిని వెడల్పు చేస్తుంది, తక్కువ పీల్చితే ఇరుకు చేస్తుంది. జెట్టు దగ్గర గాలి వేగం దాదాపు ఒకేలా ఉంటుంది కనుక నెమ్మదిగా నడిచేటప్పుడు కూడా పెట్రోలు సన్నగా చిట్లుతుంది, తిత్తితో పాటు జెట్టులో కదిలే సూది వల్ల కొలత కూడా కుదురుతుంది. ఈయన దేన్ని సరిచేశారంటారు?

వాయుగొట్టం:

పంపకం సంగతి నేను విస్మరించిన మాట నిజం. నాలుగు సిలిండర్ల ఇంజిన్ విషయంలో నా వాదన సగమే నిలుస్తుందని ఒప్పుకుంటున్నాను. కాని దీ దియోన్ ట్రైసికిల్ మీద గాలికీ మిశ్రమానికీ వేరువేరు మీటలు ఉండేవి, వాటిని సర్దుకోవడం నడిపేవారి పనే. అక్కడ కొలత సాధనం ఆ మనిషి చెయ్యి. పరికరం ఆ పని చేయగలిగాకే చెయ్యి స్టీరింగ్ మీదకు వెళ్లగలిగింది. బావెరే జెట్టు గురించి ఎవరూ ఇంకా జవాబు చెప్పలేదు.

ఆటోనగర్ మేస్త్రి:

బావెరే గారి బావి గురించి నేను చెబుతాను, ఎందుకంటే దాని వారసుడు నా చేతికి రోజూ వచ్చేవాడు. ప్రీమియర్ పద్మిని కారుకు ఉండే సోలెక్స్ కార్బొరేటర్ పైమూత విప్పితే, ప్రధాన జెట్టు పైన బావిలో అగ్గిపుల్ల కంటే కొంచెం లావుగా ఒక ఇత్తడి గొట్టం నిలబడి ఉంటుంది. ఎమల్షన్ ట్యూబు అంటాం. దాని ఒంటి నిండా సన్నని రంధ్రాలు, తల మీద గాలి జెట్టు. వేగం పెరిగి బావిలో పెట్రోలు మట్టం దిగేకొద్దీ ఆ రంధ్రాలు ఒక్కొక్కటే బయటపడి, వాటిలోంచి గాలి పెట్రోలులోకి దూరుతుంది. మీరన్నట్టు మిశ్రమం చిక్కబడకుండా ఆపేది ఆ గాలే. అది కొలత.

అదే గాలి అక్కడితో ఆగదు. ముక్కు దాకా వెళ్లేలోపే పెట్రోలును నురుగులా చేస్తుంది. కాఫీని రెండు గ్లాసుల మధ్య ఎత్తి పోసినప్పుడు నురుగు వచ్చినట్టు. ద్రవంగా వచ్చే పెట్రోలు కంటే నురుగుగా వచ్చేది గాలిలో తేలికగా చిట్లుతుంది. అది కలపడం. పాత పెట్రోలు జిగురు కట్టి ఆ రంధ్రాలు మూసుకుపోయిన బండి నా దగ్గరకు వచ్చినప్పుడు, వేగంలో నల్ల పొగ వస్తుంది, లాగుడు తగ్గుతుంది, ప్లగ్గు మసిబారుతుంది. ట్యూబును పైకెత్తి వెలుతురుకు పట్టి ఒక్కో రంధ్రంలోంచి కాంతి వచ్చేదాకా ఊది శుభ్రం చేస్తే జబ్బు పోతుంది. పోయింది కొలత లోపమా, కలపడంలో లోపమా అని మీరు అడిగితే, ముప్ఫై ఏళ్ల తరువాత కూడా నేను విడదీసి చెప్పలేను.

వాయుగొట్టం:

విడదీసి చూడడానికి ఒక దారి ఉందనిపిస్తోంది, మేస్త్రి గారూ. ట్యూబు మీది గాలి జెట్టును పూర్తిగా మూసేసి, మిశ్రమం చిక్కబడకుండా ప్రధాన జెట్టును అందుకు తగినంత చిన్నది వేయండి. బండిని ఒకే వేగంలో, ఉదాహరణకు గంటకు 50 కిలోమీటర్ల దగ్గర, కాసేపు నిలకడగా నడపండి. అప్పుడు కొలత సరిగ్గా ఉంటుంది, నురుగు మాత్రం ఉండదు. నాలుగు ప్లగ్గులూ ఒకే గోధుమ రంగులో వస్తే నా మాట నిలిచినట్టు. ఒకటి తెల్లగా (పలచని మిశ్రమానికి గుర్తు), మరొకటి నల్లగా (చిక్కని మిశ్రమానికి గుర్తు) వస్తే మీదీ, ఇంజిన్ల పాఠం గారిదీ నిజమైనట్టు.

ఆటోనగర్ మేస్త్రి:

షెడ్డులో పద్మిని ఒకటి ఉంది, జెట్లు కూడా నాలుగైదు సైజులవి డబ్బాలో ఉన్నాయి. ఆదివారం ప్రయత్నించి ప్లగ్గుల ఫొటోలు ఇక్కడే పెడతాను. ముందుగా నాలుగు కొత్త ప్లగ్గులు వేస్తాను. పాత మసితో రంగు చూస్తే తీర్పు తప్పుతుంది.