పెంకుల కప్పుకు వాసాలు: 5×3 మేలా, 6×2½ మేలా?

మధురవాడవాసి: మా ఇంటి వెనుక 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవుతో ఒక గది పెంచుతున్నాము. స్లాబు వద్దనుకుని, మంగళూరు పెంకులతో 30 డిగ్రీల వాలున్న రెండు వాలుల కప్పు వేయిస్తున్నాము. లోపల నిలబడి తల ఎత్తితే వెన్ను (రెండు వాలులూ పైన కలిసే చోటు) దాకా ఖాళీగా కనిపించాలని, గోడ నుంచి గోడకు వేసే అడ్డదూలాలేవీ లేకుండా వాసాల కిందే చెక్కపలకలు బిగించాలని మా కోరిక. వడ్రంగి మేస్త్రి గుగ్గిలం కర్రతో 5×3 అంగుళాల వాసాలు రెండడుగులకొకటి చొప్పున వేస్తానంటున్నాడు. మా బంధువైన ఇంజనీరు మాత్రం 6×2½ ఉండాలంటున్నారు. అనుభవజ్ఞులు ఏది సరైనదో చెప్పగలరు.

పాతవడ్రంగి: సందేహం లేకుండా 5×3 వేయించుకోండి. మూడంగుళాల వెడల్పు ఉంటే రీపరు (పెంకులు ఆనే సన్నచెక్క) మేకు దిగినప్పుడు కర్ర చీలదు, గోడ మీది పట్టెపై కూర్చోబెట్టడానికి గాడి తీసినా బలం మిగులుతుంది. మా నాన్నగారి కాలం నుంచి ఇదే కొలత. ఈ మధ్య ఒక ఇంజనీరు నేను వేసిన వాసాలను లావెక్కువన్న సాకుతో బిల్లులో కోత పెట్టాడు. కాగితం మీద గీత గీసేవారికి పచ్చి కర్ర ఎలా మెలితిరుగుతుందో ఏమి తెలుసు?

లెక్కలమనిషి: కోత పెట్టిన బిల్లుకు, కర్ర గుణానికి సంబంధం లేదండీ. కర్రను డిపోలో ఘనపుటడుగుల లెక్కన అమ్ముతారు కాబట్టి 5×3, 6×2½ రెండింటికీ ఖర్చు ఒక్కటే, ఎందుకంటే రెండూ 15 చదరపు అంగుళాలే. అయితే వంగకుండా నిలిచే గుణం లోతు (కర్ర నిలువు కొలత) ఘనంతో పెరుగుతుంది: 3×125 అంటే 375, 2½×216 అంటే 540. అదే డబ్బుకు 44 శాతం గట్టిదనం అదనంగా వస్తుంటే ఎందుకు వదులుకోవాలి?

పెందుర్తి పాఠకుడు: ఇనుప పైపులు వేస్తే ఈ గొడవే ఉండదు కదా.

సముద్రపుగాలి: ఉప్పు గాలికి మా డాబా మీది పైపులు ఏమయ్యాయో వచ్చి చూడండి, అప్పుడు చెప్పండి.

పాతవడ్రంగి: 44 శాతమట! ఆరబెట్టిన కర్రకైతే సరే. డిపోలో దొరికే ఆరంగుళాల కర్ర సగం పచ్చిగానే ఉంటుంది, ఎండేసరికి పక్కకు ఒరిగి పెంకుల వరస చెడగొడుతుంది. మీరు లెక్క చెప్పి వెళ్ళిపోతారు, వాన కారినప్పుడు ఇంటాయన ఫోను చేసేది నాకు.

లెక్కలమనిషి: పచ్చి కర్ర కొనమని నేనెక్కడన్నాను? నేను లోతు గురించి చెబితే మీరు తడి గురించి మాట్లాడుతున్నారు. నాన్నగారి కాలం, తాతగారి కాలం అన్నది ఒక కొలత కాదండీ. తెలియని విషయాన్ని గొంతు పెంచి చెప్పినంత మాత్రాన అది శాస్త్రం అయిపోదు.

పాతవడ్రంగి: నా గొంతు సంగతి తరువాత. అసలు సంగతి మనలో ఎవరైనా చూశామా? వాలు 30 డిగ్రీలు, గది 12 అడుగులు. అంటే ఒక్కో వాసం పొడవు ఏడడుగులు. ఏడడుగుల వాసానికి 4×2½ చాలు! నేను ఒప్పుకోనిది ఇంటాయన అడ్డదూలాలు వద్దనడాన్ని. కింద బిగింపు లేకపోతే వాసాల కాళ్ళు గోడలను బయటికి తోస్తాయి. ఈ మాట చెప్పినందుకే పోయినేడు ఒక పని పోగొట్టుకున్నాను.

లెక్కలమనిషి: ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఇందులో మీతో ఏకీభవిస్తాను. పెంకులు, రీపర్లు కలిపి వాలు మీద చదరపు మీటరుకు సుమారు 65 కిలోలు. దానికి పలకలు, వాసాలు, పైకి ఎక్కేవారి బరువు చేరిస్తే గోడ ప్రతి మీటరు పొడవుకూ 200 కిలోలకు తక్కువ కాకుండా బయటికి తోపుడు పడుతుంది. వాసం 5×3 అయినా 8×4 అయినా ఈ తోపుడు తగ్గదు. దీనికి అడ్డదూలం లేకుండా మార్గం ఒక్కటే: వెన్నుదూలం నిజంగా బరువు మోయాలి. 16 అడుగులకు ఒకే ముక్కగా 4×10 గుగ్గిలం పెట్టి, రెండు కొసలనూ స్తంభాల మీద కూర్చోబెట్టాలి. కప్పు బరువులో సగం దాని మీదే పడుతుంది.

సముద్రపుగాలి: వెన్నుకు కాస్త కిందగా చిన్న అడ్డకర్రలు వేస్తే అందమూ మిగులుతుంది కదా?

లెక్కలమనిషి: అడ్డకర్ర ఎంత పైకి వెళితే దాని మీద లాగుడు అంత పెరుగుతుంది, దాని కింది వాసం అంత వంగుతుంది. పెనుగాలికి రెండు వాలులూ పైన విడిపోకుండా ఉండటానికి అది పనికొస్తుంది, గోడ తోపుడుకు మాత్రం కాదు. గాలి మాట వచ్చింది కాబట్టి మరొకటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి పైకప్పులను ఏమి చేసిందో అందరం చూశాము. కట్టడాల మీద గాలి భారానికి భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 875 మూడో భాగం విశాఖకు సెకనుకు 50 మీటర్ల గాలి వేగం తీసుకోమంటుంది. ఆ వేగానికి చదరపు మీటరుకు 150 కిలోల ఒత్తిడి పుడుతుంది. ఆ గాలి కప్పును పైకి లాగితే ఆపడానికి పెంకులు, రీపర్ల బరువు 65 కిలోలే. చూరు దగ్గర ప్రతి వాసాన్నీ గోడల పైన పోసే కాంక్రీటు బ్యాండుకు జింకు పూత పట్టీలతో, బోల్టులతో బిగించకపోతే కప్పు లేచిపోతుంది.

మధురవాడవాసి: ఇద్దరికీ కృతజ్ఞతలు. చెప్పడం మరచిన సంగతి ఒకటుంది. పడమటి గోడ నాలుగున్నర అంగుళాలదే, తక్కినవి తొమ్మిది. తూర్పు కొసన సరిగ్గా వెన్ను కిందే ఆరడుగుల కిటికీ పెట్టాలనుకున్నాము.

పాతవడ్రంగి: నాలుగున్నర అంగుళాల గోడ మీద పెంకుల కప్పా! ఈ సంగతి ముందు చెప్పాలి కదండీ.

లెక్కలమనిషి: కిటికీని మూడడుగుల చొప్పున రెండుగా చీల్చి నడుమ కాంక్రీటు స్తంభం లేపండి, వెన్నుదూలం దాని మీద కూర్చుంటుంది. రెండో కొసకూ అలాంటి స్తంభమే కావాలి. పడమటి గోడకు లోపలి వైపు స్తంభాలు, పైన బ్యాండు తప్పవు.

పాతవడ్రంగి: ఒకే ముక్కగా 16 అడుగుల 4×10 తేవడానికయ్యే ఖర్చుతో నేను నాలుగడుగులకొక అడ్డదూలం వేసి, పలకలతో సహా కప్పు పూర్తి చేస్తాను.

లెక్కలమనిషి: చేయగలరు, కాదనను. కాని ఆయన అడిగినది ఆ కప్పు కాదు.

మధురవాడవాసి: కిటికీ రెండుగా చేయడానికి ఇంట్లో ఇంకా ఒప్పుకోలేదు. ఈ ఆదివారం ఇంజనీరును, మేస్త్రిని ఒకేచోట కూర్చోబెట్టి మాట్లాడతాను. అంతవరకు కర్రకు బయానా ఇవ్వను.