కొబ్బరి బుర్ర నీళ్ల సీసా: పీచు జడ విరిగిపోతోంది, బుర్ర వాసన పోవట్లేదు

ఉద్దానం_కవిటి:
సమోవా, టోంగా దీవుల్లోలా కొబ్బరి బుర్ర నీళ్ల సీసాలు జతగా కట్టి బడి ప్రదర్శనలో పెట్టాలని చూస్తున్నాం. మూడు పాయల పీచు జడ వంచిన చోటల్లా విరుగుతోంది. కంతలోంచి కొబ్బరి గీకడం కుదరట్లేదు, వాసనొస్తోంది. ఒక బుర్ర ఎండలో పెడితే పగిలింది. ఏటి చెయ్యాలండీ?

పీచుపని:
మీది బాగా ఎండిన కాయ డొక్క అయ్యుంటుంది. ఆ పీచు బ్రష్షులకీ పరుపులకీ సరే, చేతి అల్లికకి పెళుసు. కాయ పూర్తిగా ఎదిగి, పైతొక్క ఇంకా పచ్చగా ఉన్నప్పటి డొక్క కావాలి. సమోవాలో దీనికోసమే నియు అఫా అనే పొడవు డొక్క రకం ఉంది. మన దేశవాళీ కాయ పీచు జానెడొస్తే గొప్ప, అంచేత అతుకులెక్కువ.

డొక్కని నిలువునా చీల్చి, ఉప్పుటేరు ఒడ్డున గోతిలో వేసి పైన రాళ్లు పెట్టండి. కొన్ని వారాలకి పోగుల మధ్య పొట్టు మెత్తబడుతుంది. చెక్కదిమ్మ మీద కొయ్యసుత్తితో కొట్టి, కడిగి, నీడన ఆరబెట్టాలి. ఇనప సుత్తయితే పోగు నలిగి అక్కడే తెగుతుంది. పదీ పన్నెండు పోగులు తొడమీద అరచేత్తో దొర్లిస్తే ఒక పాయ. పాయ మూడోవంతు మిగలగానే కొత్తది పక్కన చేర్చి కలిపి అల్లండి. మూడు పాయల అతుకులూ ఒక్కచోట పడితే మాత్రం లాగగానే ఊడొస్తుంది, పొడవులు ఎగుడుదిగుడుగా పెట్టుకోండి.

బారువ_తీరం:
బుర్రని గీకొద్దు, కొబ్బరిని కుళ్లనివ్వండి. దీవుల వాళ్ల పద్ధతీ అదే. ఊపితే నీళ్లు పలికే ముదురు కాయ తీసుకోండి. మూడు కళ్లలో మెత్తనిది ఒకటే: బుర్ర మీది మూడు గట్ల మధ్య అన్నిటికన్నా వెడల్పైన భాగం కొసన ఉంటాది. దాన్ని కత్తిమొనతో పొడిచి, చిటికెనవేలు దూరేంత చేసి, సముద్రపు నీళ్లు నింపి ఉంచండి. వారానికోసారి నీళ్లు మారిస్తే కొబ్బరి ముక్కలై బయటికొస్తాది. ఆనక ఇసుక, గులకరాళ్లు వేసి గిలకరించాలి. మీకొస్తున్న వాసన బుర్రకి అంటుకున్న గోధుమరంగు పొరది, అది పోయేదాకా ఆపొద్దు. తర్వాత మంచినీళ్లు నింపి రోజూ పారబొయ్యండి. నూనె తెట్టు తేలుతున్నంతకాలం ఆ నీళ్లు తాగొద్దు.

ఎండలో బయటిపక్క ముందు ఆరి ముడుచుకుంటాది, లోపల తడే, అందుకే పగిలింది. నీడనే ఆరనిచ్చి కొబ్బరినూనె రాయండి.

పీచుపని:
కట్టు మన ఉట్టిలాగే. అడుగు చుట్టు బుర్ర వెడల్పులో సగమన్నా లేకపోతే బుర్ర జారిపోతుంది. తాడు తడిపి ముడెయ్యండి, ఎండు తాడు ముడి పట్టదు. బిరడాకి మొగలి ఆకు చాలు, ముళ్ల అంచులు చీల్చేసి బిగువుగా చుట్ట చుట్టండి.