నల్ల కారు నిండా సాలెగూడు గీతలు. నేను కడగడం వల్లేనా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. కారు కొని పద్నాలుగు నెలలైంది. నలుపు రంగు. ప్రతి ఆదివారం నేనే కడుగుతాను, ఇంకొకరి చేతికి ఇవ్వను. రోజూ పొద్దున్నే బయల్దేరే ముందు మెత్తటి పొడిగుడ్డతో దుమ్ము తుడుస్తాను. ఇంత చూసుకుంటున్నా, మొన్న రాత్రి పెట్రోలు బంకులో లైట్ల కింద ఆగినప్పుడు చూశాను, బానెట్ నిండా సన్నటి గీతలు. లైటు వెలుగు పడిన చోట చుట్టూ గుండ్రంగా, సాలెగూడు అల్లినట్టు. నేను పక్కకు జరిగితే ఆ గూడు కూడా నాతో పాటే జరుగుతోంది. గుండె కలుక్కుమంది. పగలు నీడలో చూస్తే ఏమీ కనబడదు.

నేను కడిగే పద్ధతి చెప్తాను. ఒక బకెట్ నీళ్ళు, అందులో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూతలు, ఒక పెద్ద స్పాంజి. పైపుతో ఓసారి తడిపి, పైనుంచి కిందిదాకా రుద్దుతాను. చక్రాలు కూడా ఆ స్పాంజితోనే. చివర్లో పాత కాటన్ టీషర్టుతో తుడిచేస్తాను.

ఈ గీతలు నా వల్లే పడ్డాయా? పోతాయా? పాలిష్ మిషన్ కొని ఇంట్లోనే చేసుకుందామనుకుంటున్నా, చేయొచ్చా? డోర్ల మీద నీటి చుక్కల తెల్ల మచ్చలు కూడా ఉన్నాయి, ఎంత రుద్దినా పోవట్లేదు. నిజంగా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1

తమ్ముడూ, నీ వల్లే పడ్డాయి. కానీ నిర్లక్ష్యం వల్ల కాదు, పద్ధతి తెలియక. నా మొదటి కారుకి నేనూ అచ్చం ఇలాగే చేశాను కాబట్టి నీ బాధ నాకు బాగా తెలుసు.

ముందు ఆ గుండ్రటి గూడు సంగతి. నువ్వు గుండ్రంగా రుద్దావని కాదు. గీతలు అన్ని దిక్కులకూ ఉంటాయి. వాటిలో లైటుకు అడ్డంగా ఉన్నవే వెలుగును మన కంటికి తిప్పి కొడతాయి, అందుకే లైటు చుట్టూ వలయంలా కనిపిస్తాయి. నువ్వు జరిగితే గూడు జరిగేదీ అందుకే. రంగు మీద క్లియర్ కోట్ అని ఒక పారదర్శకమైన పొర ఉంటుంది, గీతలు ఉన్నది దాంట్లో. కొత్త కారుకి మొత్తం పెయింటు మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అందులో క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లు. అంటే తల వెంట్రుక కంటే పల్చన. కారు బతికినన్నాళ్ళు ఎండ నుంచి రంగును కాపాడాల్సింది ఆ పొరే. ఈ లెక్క గుర్తుపెట్టుకో, మిషన్ గురించి చెప్పేటప్పుడు మళ్ళీ వస్తుంది.

నువ్వు చెప్పినవాటిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది ఆదివారం కడగడం కాదు, రోజూ పొద్దున పొడిగుడ్డ. దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది. గుడ్డ ఎంత మెత్తనిదైనా ఆ ఇసుకను పెయింటు మీద ఈడ్చుకుంటూ పోతుంది. దాన్ని ఈరోజే ఆపేయి. దుమ్ముతో ఉన్న కారు చూడటానికి బాగోదు గానీ, ఆ దుమ్ము ఊరికే కూర్చుంటే గీత పడదు.

ఇక కడగడం. చెయ్యి తగిలేలోపే ఎంత మురికి పోతే అంత మంచిది, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. కారు నీడలో ఉండాలి, బానెట్ చేత్తో ముట్టుకుంటే చల్లగా ఉండాలి. చక్రాలు ముందు కడిగెయ్, వాటికి వేరే బకెట్, వేరే బ్రష్. బ్రేకుల నుంచి రాలే పొడిలో లోహపు రేణువులు ఉంటాయి, చక్రం తోమిన స్పాంజి డోరును తాకిందంటే గీత పడ్డట్టే. తర్వాత పైపుతో పైనుంచి కిందికి తీరిగ్గా నీళ్ళు కొట్టు. ఓసారి తడపడం సరిపోదు, మట్టి జారి కిందికి కారడం కనబడాలి. ప్రెషర్ వాషర్ ఉంటే మంచిదే, కానీ నాజిల్ కనీసం అడుగు దూరంలో ఉండాలి. ఎక్కడైనా రాయి తగిలి పెయింటు లేచి ఉంటే ఇంకా దూరం.

అప్పుడు రెండు బకెట్లు. ఒకదాంట్లో కారు షాంపూ కలిపిన నీళ్ళు, రెండోదాంట్లో మామూలు నీళ్ళు. స్పాంజి పక్కన పెట్టి, కుచ్చులున్న మైక్రోఫైబర్ గ్లోవ్ తీసుకో. స్పాంజి ఉపరితలం చదునుగా ఉంటుంది, ఇసుక దానికీ పెయింటుకీ మధ్య ఇరుక్కుంటుంది. గ్లోవ్ కుచ్చుల్లో అయితే రేణువు లోపలికి వెళ్ళి దాక్కుంటుంది. షాంపూలో ముంచి, ఒక భాగం తుడిచి, మామూలు నీళ్ళ బకెట్లో బాగా జాడించి, పిండి, మళ్ళీ షాంపూలోకి. టాప్, అద్దాలు, బానెట్, డోర్ల పైభాగం అయ్యాక, చిట్టచివర డోర్ల కిందిభాగం, వెనక బంపర్. మురికంతా అక్కడే ఉంటుంది. నొక్కకు, గ్లోవ్ బరువే చాలు. గ్లోవ్ నేల మీద పడితే మాత్రం దాన్ని పైకి తెచ్చుకోవద్దు. ఒకసారి నేను జాడిస్తే సరిపోతుందిలే అనుకున్నాను, కుడివైపు వెనక డోరు మీద జానెడు గీత మిగిలింది.

గిన్నెల లిక్విడ్ మానెయ్. జిడ్డును పీకెయ్యడానికే దాన్ని తయారుచేస్తారు, కారు మీద వ్యాక్స్ ఉంటే దాన్నీ పీకేస్తుంది. చివరి కడుగుకు పైపు నాజిల్ తీసేసి, నీళ్ళు ధారగా మెల్లగా వదులు. నీళ్ళు ఒక తెరలా జారిపోతూ చాలా భాగం వాటంతటవే దిగిపోతాయి. మిగిలినదాని మీద పెద్ద మైక్రోఫైబర్ తువ్వాలు పరిచి, అద్దుతున్నట్టు తియ్యి. టీషర్టుతో రుద్దుడు వద్దు, దాని కుట్లు కూడా గీస్తాయి.

మిషన్ విషయంలో నీకు ఒక సంగతి చెప్పాలి. ఇలాంటి గీతలు చూసే నేను రోటరీ మిషన్ తెచ్చాను, అంటే ప్యాడ్ ఊగకుండా గుండ్రంగా మాత్రమే తిరిగే పాలిష్ మిషన్. మొదటి పది నిమిషాలు అద్భుతంగా మెరిసింది, ధైర్యం వచ్చేసింది. బానెట్ అంచు మడత మీద రెండు క్షణాలు ఎక్కువ నిలిపాను. వేడికి క్లియర్ కోట్ పోయి, కింద రంగు వెలిసినట్టు తేలింది. అంచుల మీద పొర పల్చగా ఉంటుందని అప్పటికి నాకు తెలియదు. బానెట్ మొత్తం మళ్ళీ పెయింటు వేయించాల్సి వచ్చింది. అందుకే మొదటిసారి చేసేవాళ్ళకు డ్యూయల్ యాక్షన్ మిషనే చెప్తాను. అది తిరుగుతూ ఊగుతుంది కాబట్టి ఒకేచోట వేడి పుట్టడం చాలా తక్కువ. అంచుల మీద, మడతల మీద టేపు వేసెయ్. జానెడు జాగా ఎంచుకుని, అన్నిటికంటే తేలికైన పాలిష్, మెత్తటి ప్యాడ్‌తో మొదలుపెట్టి, టార్చి వేసి చూడు. అది సరిపోతే అంతకంటే ఘాటైనది ముట్టుకోవద్దు. పాలిష్ చేయడమంటే గీత లోతు దాకా క్లియర్ కోట్‌ను అరగదీయడమే. అరిగింది మళ్ళీ పెరగదు. గోరుతో మెల్లగా రాసినప్పుడు గోరు పట్టుకునేంత లోతు గీత ఉంటే దాన్ని అలాగే వదిలెయ్.

కానీ ముందు కడిగే పద్ధతి మార్చి నాలుగైదు వారాలు చూడు. పద్ధతి మారకుండా పాలిష్ చేస్తే నెలలో మళ్ళీ అవే గీతలు వస్తాయి.

జవాబు 2

పైన అన్నగారు చెప్పినదానికి తోడు, మచ్చల గురించి నేను చెప్తానండీ. మా నీళ్ళలో ఉప్పు ఎక్కువ, కాబట్టి ఈ బాధ నాకు రోజూ ఉండేదే.

ఆ తెల్ల మచ్చలు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం. నీరు ఆవిరైపోతుంది, అవి మిగిలిపోతాయి. రుద్దితే పోవు, గీతలు మాత్రం అదనంగా వస్తాయి. తెల్ల వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి, గుడ్డ తడిపి మచ్చ మీద ఒకటి రెండు నిమిషాలు ఉంచండి. తర్వాత మెల్లగా తుడిచి, వెంటనే మంచినీళ్ళతో కడిగెయ్యండి. ఎండలో, వేడి బాడీ మీద చెయ్యొద్దు. దాని తర్వాత కూడా గుంటలాంటి గుర్తు కనిపిస్తే, అది క్లియర్ కోట్‌లోకి దిగిందని అర్థం, దానికి పాలిషే దారి. పక్షి రెట్ట కూడా ఇంతే, ఎండలో ఉండేకొద్దీ లోపలికి తింటుంది. ఎండినదాన్ని గోకకండి. తడిగుడ్డ పదినిమిషాలు కప్పి ఉంచితే మెత్తబడి అదే లేచి వస్తుంది.

పాలిష్‌కు ముందు ఒకటి చూసుకోండి. కడిగి ఆరబెట్టాక, చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్ మీద మెల్లగా పోనివ్వండి. ఉత్త చేతికి నున్నగా తగిలేదే కవరులోంచి గరుకుగా, రవ్వ పరిచినట్టు తెలుస్తుంది. అలా తెలిస్తే అంటుకుపోయిన మురికి ఉన్నట్టు. అది షాంపూతో రాదు, క్లే బార్ కావాలి, అంటే మురికిని తనకు అంటించుకుని లాగేసే బంకమట్టిలాంటి మెత్తటి ముద్ద. క్లేతో పాటు దానికి జారుడుగా ఉండే లిక్విడ్ ధారాళంగా చల్లాలి. ఆ ముద్ద కింద పడితే ఎంత ఖరీదైనదైనా పారేయాల్సిందే.

తువ్వాళ్ళు ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయకండి, నీళ్ళు పీల్చడం మానేస్తాయి. కాటన్ బట్టలతో కలపకండి, నూలు పోగులన్నీ వాటికి పట్టుకుంటాయి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ చాలా థాంక్స్. పొడిగుడ్డ మాట చదవగానే ఆ గుడ్డను వెలుతురులో పట్టుకుని చూశాను. మడతల్లో సన్నటి ఇసుక మెరుస్తోంది. పద్నాలుగు నెలలు దాంతోనే తుడిచాను. ఒక్క సందేహం. ఆఫీసుకు దుమ్ముతో వెళ్ళలేని రోజు ఏం చేయాలి?

జవాబు 1

నీళ్ళు కొట్టి జాడించనక్కర్లేని షాంపూలు ఉన్నాయి, రిన్స్‌లెస్ అంటారు. డబ్బా మీద రాసిన కొలత ప్రకారం ఒక బకెట్‌లో కలిపి, ఐదారు మైక్రోఫైబర్ గుడ్డలు అందులో నానబెట్టు. అదే నీళ్ళు ముందు కారు మీద స్ప్రే చేసి ఒక నిమిషం ఆగి, నానిన గుడ్డను నాలుగు మడతలు పెట్టి ఒకే దిక్కుకు లాగు. ప్రతి భాగానికీ కొత్త మడత. మురికైన గుడ్డను మళ్ళీ ఆ బకెట్లో ముంచకు, పక్కన పడెయ్. మట్టి పొక్కులు కట్టి ఉన్న రోజు మాత్రం ఇది వద్దు, ముందు పైపు నీళ్ళు కొట్టాలి.

ప్రశ్న అడిగినవారు

ఈ ఆదివారం రెండు బకెట్లతో కడిగాను. మామూలుగా గంటలో అయ్యేది, రెండున్నర గంటలు పట్టింది. అయ్యాక మామూలు నీళ్ళ బకెట్‌ను పారబోయకుండా పావుగంట కదపకుండా వదిలి, నీళ్ళు మెల్లగా ఒంపేశాను. అడుగున నల్లటి బురద, దాన్ని వేళ్ళ మధ్య నలిపితే కరకరలాడింది. ఇదంతా ఇన్నాళ్ళూ నా స్పాంజిలోనే ఉందన్నమాట. వెనిగర్‌తో డోర్ల మీది మచ్చల్లో సగానికి పైగా పోయాయి, వెనక డోరు మీద మూడు మిగిలాయి. మిషన్ ఇంకా కొనలేదు. నాలుగు వారాలయ్యాక టార్చి వేసి ఫోటో తీసి పెడతాను.